జావ గ్లాసులు ఖాళీ అవుతున్నా బరువు ఎందుకు దిగుతోంది? నోటి, గొంతు క్యాన్సర్‌లో తిండి కష్టాలు: సమస్య - పరిష్కారం

నాన్నకు బుగ్గ లోపల క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్ తర్వాత 30 సిట్టింగులు కరెంటు పెట్టారు, అంటే రేడియేషన్. ఆ 6 వారాలూ, తర్వాత రెండు నెలలూ ఆయన తిండి నా పూచీ. అప్పుడు నేను చేసిన తప్పులు, డైటీషియన్ వాటిని దిద్దిన తీరు రాస్తున్నాను. మీ డాక్టరు వేరేలా చెబితే ఆ మాటే వినండి.

ముందు బరువు చూసే మిషన్ ఒకటి కొనండి. వారానికోసారి, పొద్దున్నే, అదే మిషన్ మీద చూడండి. నెలలో 5 శాతం, అంటే 60 కిలోల మనిషి 3 కిలోలు తగ్గితే "కరెంటు పెడుతున్నారు కదా, మామూలే" అని ఊరుకోవద్దు. ఆ రోజే ఆసుపత్రిలో చెప్పండి.

గ్లాసులు ఖాళీ, బరువు మాత్రం దిగుతోంది

కారణం: తాగుతున్నది చాలావరకు నీళ్లే. నేను గ్లాసు నీళ్లకు 10 గ్రాముల రాగి పిండి వేసి జావ కాచేదాన్ని. నాన్న రోజుకు ఆరు గ్లాసులు తాగేవారు, నాకెంతో తృప్తిగా ఉండేది. డైటీషియన్ చీటీ వెనక లెక్క వేసి చూపించింది. 10 గ్రాముల పిండికి 33 కేలరీలు. మనిషికి కిలో బరువుకు రోజుకు సుమారు 30 కేలరీలు, కనీసం 1.2 గ్రాముల ప్రోటీన్ కావాలి. నాన్న 60 కిలోలు కాబట్టి 1800 కేలరీలు. నా జావతో అది రావాలంటే దాదాపు 55 గ్లాసులు తాగాలి!

పరిష్కారం: జావ నీళ్లతో కాకుండా పాలతో కాయండి. రాగులు మొలకెత్తించి, ఎండబెట్టి పట్టించిన పిండి వాడండి. మొలకల్లో పుట్టే ఎంజైమ్ పిండిని పలచబరుస్తుంది, అందుకే రెట్టింపు పిండి పోసినా జావ గొంతులో జారుతుంది. దించాక ఒక చెంచా నెయ్యి వేస్తే ఇంకో 45 కేలరీలు. జల్లెడ పట్టిన పుట్నాల పొడి కలిపితే ప్రోటీన్ కూడా అందుతుంది. ఉడికిన గుడ్డును మెత్తటి అన్నంతో మిక్సీలో వేయొచ్చు. పప్పు మీద తేరిన కట్టు మాత్రమే పోయకండి, సత్తువంతా అడుగున ఉన్న ముద్దలో ఉంటుంది. చారు, కొబ్బరి నీళ్లు కడుపు నింపేస్తాయి, వాటిని తిండి లెక్కలో వేయొద్దు. మూడు పూటలు కాకుండా ఆరేడుసార్లు, కొంచెం కొంచెంగా పెట్టండి.

నోరు పూసి చెంచా కూడా పెట్టనివ్వరు

చుట్టాలంతా "వేడి చేసింది" అంటారు. వేడి కాదు, రేడియేషన్ నోటి లోపలి పొరను దెబ్బతీస్తుంది. రెండు, మూడు వారాలకు మొదలై, చివరి సిట్టింగుల నాటికి ముదిరి, ఆ తర్వాత కూడా కొన్ని వారాలు ఉంటుంది. కాబట్టి సబ్జా నీళ్లతో తగ్గుతుందని కూర్చోకండి.

నొప్పి మందు తిండికి అరగంట ముందు పడాలి. మేము తిన్నాక ఇచ్చేవాళ్లం, నాన్న రెండు చెంచాలకే చెయ్యి అడ్డం పెట్టేవారు. టైమ్ మార్చాక అదే మనిషి అరగిన్నె తిన్నారు. కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో చెంచా ఉప్పు, చెంచా వంట సోడా కలిపి రోజుకు ఐదారుసార్లు పుక్కిలించాలి. కారం, చింతపండు, నిమ్మ, పొగలు కక్కే అన్నం, అన్నీ బంద్. నాలుక మీద పెరుగు తరకల్లాంటి తెల్లమచ్చలు కనిపిస్తే అది ఫంగస్ కావచ్చు. వంట మారిస్తే పోదు, మందు వాడాలి. నొప్పికి మార్ఫిన్ రాస్తే మలబద్ధకం వస్తుంది, దానికీ అప్పుడే మందు అడగండి.

పొలమారుతోంది, తిన్నాక గొంతు గరగరలాడుతోంది

దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. మింగే కండరాలు మందగించి తిండి ఊపిరితిత్తుల వైపు పోతోందని అర్థం. చాలామందికి గట్టి పదార్థం కంటే మంచినీళ్లతోనే ప్రమాదం ఎక్కువ. కొందరికి దగ్గు కూడా రాదు. తిన్నాక గొంతు తడిగా పలకడం, ఊరికే జ్వరం రావడం, ఇవే గుర్తులు. నిటారుగా కూర్చోబెట్టండి, టీవీ కట్టేయండి, మాట్లాడించకండి, చిన్న చెంచా వాడండి. ఏది ఎంత చిక్కగా ఉండాలో మింగడం నేర్పే థెరపిస్టు చూసి చెబుతారు. జ్వరంతో పాటు ఆయాసం ఉంటే నేరుగా ఆసుపత్రికే.

నోరు ఎండిపోవడం, దవడ పట్టేయడం

లాలాజల గ్రంథులకు రేడియేషన్ తగిలి ఉమ్మి తగ్గుతుంది. ముద్ద ముద్దకూ మజ్జిగ గానీ కారం, చింతపండు లేని పలచటి పప్పు గానీ ఉండాలి. దవడ సంగతి వేరు. రోగి తన మూడు వేళ్లు నిలువుగా నోట్లో పెట్టగలగాలి, లేదంటే దవడ పట్టేస్తున్నట్టు. గుట్కా అలవాటున్న వాళ్లకు నోరు ముందే బిగుసుకుని ఉండొచ్చు. దవడ వ్యాయామం మొదటి వారం నుంచే అడిగి చేయించండి.

ముక్కు గొట్టం అంటే వద్దంటున్నారు

నాన్న "గొట్టం వేశారంటే ఇక అయిపోయినట్టే" అని గోడవైపు తిరిగి పడుకున్నారు. నిజానికి అది చాలామందికి ట్రీట్‌మెంట్ మధ్యలో ఆగకుండా నడవడానికే. ముక్కులోంచి కడుపులోకి వేసే ఈ గొట్టాన్ని రైల్స్ ట్యూబ్ అంటారు. నెల దాటి అవసరమైతే పొట్టకే పెట్టే గొట్టం మేలు. ఐదు రోజులకు పైగా దాదాపు ఏమీ తినని మనిషికి మొదటి రోజే నిండా పోయకూడదు. రక్తంలో లవణాలు తారుమారవుతాయి, డాక్టరు చెప్పిన కొలతతో మెల్లగా పెంచాలి.

గొట్టం మూసుకుపోతే: వడకట్టని జావ, సరిగా నలగని మాత్ర, లేదా నీళ్లు పోయకపోవడం కారణం. 50 మి.లీ. సిరంజితో గోరువెచ్చని నీళ్లు మెల్లగా తోసి, సిరంజితోనే ఆ నీళ్లు వెనక్కి లాగండి. బలం పెట్టొద్దు, తీగ దూర్చొద్దు. గొట్టంలో తిండి పోసే ప్రతిసారీ ముందూ తర్వాతా 30 మి.లీ. నీళ్లు పోస్తే ఈ బాధ చాలావరకు ఉండదు.

వాంతి అవుతుంటే: చాలాసార్లు తొందరగా పోయడమే కారణం. 200 మి.లీ. దిగడానికి పావుగంట పట్టాలి. తల ఎత్తులో ఉండాలి, అయ్యాక గంట దాకా పడుకోబెట్టకూడదు. ముక్కు దగ్గర గొట్టం మీద మార్కర్‌తో గీత పెట్టుకోండి. గీత జరిగితే చుక్క కూడా పోయకుండా నర్సుకు చూపించండి.

పథ్యం పేరుతో తిండి కోసేస్తున్నారు

కుట్లున్నాయి, పప్పు పెడితే చీము పడుతుందని మా మేనత్త గుడ్డు, పప్పు రెండూ మాన్పించింది. పుండు మానడానికి కావలసింది ఆ ప్రోటీనే. చక్కెర మానేస్తే క్యాన్సర్ మాడిపోతుందన్న మాటా నిజం కాదు. షుగర్ జబ్బు ఉంటేనే దాని లెక్క డాక్టరుతో మాట్లాడాలి.

సిట్టింగులు అయిపోయాయి, గొట్టం ఎప్పుడు తీస్తారు?

ఆఖరి సిట్టింగుతో పూత ఆగదు, రుచి తిరిగి రావడానికి నెలలు పట్టొచ్చు. గొట్టం ఉండగానే రోజూ కొన్ని చెంచాలు నోటితో మింగించమని థెరపిస్టు చెప్పారు, వాడకపోతే ఆ కండరాలు బిగుస్తాయట. నాన్న నోటితోనే తిని, రెండు వారాలు బరువు నిలబెట్టుకున్నాకే తీశారు.