గైడ్ డాగ్‌కు డబ్బిచ్చే పథకం కోసం వెతుకుతున్నారా? ముందు స్మార్ట్ కేన్‌కు దరఖాస్తు చేయండి

హైదరాబాద్‌లో చూపులేనివారి ఇళ్ల నుంచి తరచూ వచ్చే ప్రశ్న: గైడ్ డాగ్‌కు ప్రభుత్వం డబ్బిస్తుందా? దివ్యాంగులకు పరికరాలిచ్చే కేంద్ర పథకం అడిప్ జాబితాలో కుక్క లేదు. స్మార్ట్ కేన్ ఉంది, దాన్ని వదులుకోకండి.

తెల్లకర్ర గుంతను, మెట్టును పట్టిస్తుంది. సగం దించిన షట్టరు, ఆగి ఉన్న బస్సు అద్దం, ఫుట్‌పాత్ మీదికి వాలిన కొమ్మ మాత్రం నేరుగా ముఖానికే తగులుతాయి. ఐఐటీ ఢిల్లీ రూపొందించిన స్మార్ట్ కేన్ పరికరం కర్ర పిడికి బిగుస్తుంది. మోకాలికి పైనున్న అడ్డాన్ని ధ్వని తరంగాలతో పసిగట్టి చేతిలో వణుకుతుంది. ఇంట్లో వాడేందుకు 1.8 మీటర్ల దూరం, బయటికి 3 మీటర్లు పెట్టుకోవచ్చు.

వైకల్యం కనీసం 40 శాతం ఉండాలి. నెల ఆదాయం రూ.22,500 దాటకపోతే పూర్తి ఉచితం, రూ.30,000 వరకు సగం ధర. మీసేవ ఆదాయ ధ్రువపత్రంలో ఏడాది లెక్క ఉంటుంది కాబట్టి ఈ హద్దులను రూ.2,70,000, రూ.3,60,000గా చూసుకోండి.

దివ్యాంగుల గుర్తింపు కార్డైన యూడీఐడీ లేకపోతే ముందు అదే తీసుకోవాలి. స్వావలంబన్ పోర్టల్‌లో ఆధార్, ఫొటో, సంతకం లేదా వేలిముద్ర పెట్టి ప్రభుత్వ ఆసుపత్రిని ఎంచుకోవాలి. పాత సదరం (వైకల్య) సర్టిఫికెట్ ఉంటే దాన్నీ అప్‌లోడ్ చేయండి. ఎక్కువగా చిక్కొచ్చేది పేరు దగ్గరే: ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, సర్టిఫికెట్‌లో పొడి అక్షరంగా ఉంటే ఫైలు ఆగిపోతుంది. ముందే ఆధార్ సరిచేయించుకోండి.

ఆ తర్వాత కలెక్టరేట్‌లోని దివ్యాంగుల సంక్షేమ విభాగంలో అలింకో (ఈ పరికరాలు అందించే కేంద్ర ప్రభుత్వ సంస్థ) అసెస్‌మెంట్ క్యాంపు తేదీ కనుక్కోండి. కార్డు, ఆదాయ పత్రం, చిరునామా రుజువు, ఫొటోలు, రెండేసి జిరాక్సులు తీసుకెళ్లాలి. పరికరం ఆ రోజే చేతికి రాదు, మరో రోజు పంపిణీ ఉంటుంది. అందుకే మారని ఫోన్ నంబరే రాయించండి.

క్యాంపులో "స్మార్ట్ కేన్" అని పేరు పెట్టి అడగండి. అదే అవసరానికి మూడేళ్లలోపు మళ్లీ పరికరం ఇవ్వరు, 12 ఏళ్లలోపు పిల్లలకైతే ఏడాది. తొందరపడి మామూలు మడతకర్ర తీసుకుంటే ఆ మూడేళ్లూ అదే అడ్డుపడవచ్చు.

పంపిణీ రోజు సంతకం పెట్టేముందు ఛార్జర్ ఉందో లేదో చూడండి. గోడ వైపు కర్ర చాపి, వాడబోయే మనిషి చేతికే వణుకు తెలిసిందో లేదో అడగండి.