పాత సిస్టమ్‌లో విండోస్ 11 వెర్షన్ మార్చే ముందు

మన అనంతపురం జిరాక్స్ షాపుల్లో, డీటీపీ సెంటర్లలో ఇంటెల్ ఆరో జనరేషన్, ఏడో జనరేషన్ ప్రాసెసర్ ఉన్న సిస్టమ్‌లే ఇంకా బండి లాగుతున్నాయి. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మామూలు సపోర్ట్ ఆగింది. దాంతో చాలామంది విండోస్ 11 అడిగే టీపీఎం (సెక్యూరిటీ చిప్), ప్రాసెసర్ షరతులు దాటేసి, రూఫస్ అనే సాఫ్ట్‌వేర్‌తో తయారుచేసిన పెన్‌డ్రైవ్‌తో విండోస్ 11 ఎక్కించుకున్నారు. వీటికి నెలనెలా ప్యాచ్‌లు వస్తున్నా, వస్తాయన్న గ్యారంటీ మైక్రోసాఫ్ట్ ఇవ్వదు. ఏడాదికోసారి వచ్చే పెద్ద వెర్షన్ మాత్రం సాధారణంగా తనంతట తాను రాదు, మనమే ఎక్కించాలి.

మీ వెర్షన్ ఏదో తెలియాలంటే స్టార్ట్‌లో 'విన్‌వర్' (winver) అని కొట్టి చూడండి. 23హెచ్2 (2023 రెండో సగంలో వచ్చిన వెర్షన్) అని ఉంటే హోమ్, ప్రో వాళ్లకు 2025 నవంబర్ 11తోనే గడువు అయిపోయింది. ఇక ఇంకా పాతదైన కోర్ 2 డుయో ప్రాసెసర్ సిస్టమ్‌నైతే ముట్టుకోకండి. 24హెచ్2 నుంచి అందులో బూటే అవ్వదు.

ముహూర్తాల సీజన్‌లో, పెళ్లి పత్రికలు కుప్పపడి ఉన్నప్పుడు ఈ పని వద్దు. మూఢంలోనో ఆషాఢంలోనో పెట్టుకోండి. కరెంటు సంగతి చెప్పక్కర్లేదు, యూపీఎస్ బ్యాటరీ ముందే చూసుకోండి.

ఫైళ్లు బయటి హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసి, ఆ డిస్క్ పీకి పక్కన పెట్టండి. అను ఫాంట్స్, పేజ్‌మేకర్, ప్రింటర్ డ్రైవర్ల ఇన్‌స్టాలర్లు కూడా అందులో ఉండాలి. ఫైళ్లు ఉండి ఫాంట్ లేకపోతే కస్టమర్‌కు ఏం చూపిస్తారు? బిట్‌లాకర్ (డ్రైవ్‌కు వేసే విండోస్ తాళం) ఆన్‌లో ఉంటే రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. అదే సిస్టమ్‌లో దాచుకుంటే దండగ.

ఐఎస్‌ఓ (విండోస్ ఇన్‌స్టాల్ చేసే ఫైల్) మైక్రోసాఫ్ట్ సైట్ నుంచే దించుకోండి. టెలిగ్రామ్‌లో దొరికే 'లైట్' వెర్షన్ల జోలికి నేనైతే పోను. భాష కూడా చూసుకోండి: సిస్టమ్‌లో ఇంగ్లిష్ ఇంటర్నేషనల్ ఉంటే ఐఎస్‌ఓ కూడా అదే కావాలి. యూఎస్ ఇంగ్లిష్ తెచ్చి పెడితే సెటప్‌లో ఫైళ్లు, యాప్‌లు రెండూ ఉంచమనే ఆప్షన్ బూడిద రంగులోకి మారి క్లిక్ అవ్వదు. అలా కనబడితే నెక్స్ట్ కొట్టకుండా బయటికి వచ్చేయండి. అక్కడ తొందరపడితే సాఫ్ట్‌వేర్లన్నీ మళ్లీ ఎక్కించుకోవాల్సిందే.

అయ్యాక నచ్చకపోతే వెనక్కి వెళ్లడానికి మామూలుగా 10 రోజుల గడువు ఉంటుంది. సి డ్రైవ్ నిండిందని ఆలోపు విండోస్.ఓల్డ్ ఫోల్డర్‌ను (పాత వెర్షన్ దాచి ఉండేది ఇందులోనే) క్లీన్ చేశారా, ఆ దారి మూసుకున్నట్టే.