పిల్లి నాకి నాకి బొచ్చు ఊడగొట్టుకుంటుంటే
మన శ్రీకాకుళం ఉక్కకి ఇంట్లో పిల్లున్నోళ్లు ఇది ఓసారి చూడండి, పొట్ట, తొడల లోపల, తోక మొదట్లో అదేపనిగా నాకేసి బొచ్చు పల్చబడిపోతుంటే టెన్షనని వదిలేయకండి, ముందు ఫ్లీస్, అంటే బొచ్చులో దూరి రక్తం తాగే చిన్న పురుగులు, ఉన్నాయేమో చూడాలి. పేల దువ్వెనతో దువ్వి రాలిన నల్ల నలుసుల్ని తడిపిన తెల్ల కాగితం మీద వెయ్యండి, ఎర్రగా దిగిందంటే అది పురుగు తాగిన రక్తమే. పురుగు కనపడకపోయినా లేదనుకోవద్దు, పిల్లే నాకి మింగేస్తాది, ఎలర్జీ ఉన్నదానికి ఒకటి రెండు కాట్లు చాలు. మందు మాత్రం పిల్లులకని రాసిందే వాడండి, కుక్కల పెర్మెత్రిన్ మందు పడితే ప్రాణమే పోవచ్చు, దయచేసి వద్దు! ఇంట్లో ఉన్న కుక్కకీ మిగతా పిల్లులకీ కూడా దేనిది దానికి వేయించాలి. పురుగులు కాకపోతే పశువుల డాక్టరుకి చూపించండి, మూత్రసంచి నొప్పికి కూడా పొట్ట నాకుతాయి, మగపిల్లికి మూత్రం రావట్లేదంటే మాత్రం అప్పటికప్పుడే తీసుకెళ్లిపోండి.