కెమెరాతో బీచ్‌కి బయల్దేరే ముందు

ఏసీ గదిలోంచి కెమెరాను నేరుగా బయటికి తీయకండి. విశాఖ ఉక్కకి లెన్స్ మీద చెమ్మ పట్టేస్తుంది. జిప్ కవర్లో పెట్టి బయటికి తెచ్చాక, కవర్ తీయకుండా అరగంట ఆగాలి. జూన్‌లో అయిదున్నరలోపే పొద్దు పొడుస్తుంది కదా, రాత్రే ఏసీ లేని గదిలో ఉంచితే ఆ గొడవే ఉండదు.

ఆర్కే బీచ్‌లో లెన్స్ మార్చొద్దు. ఉప్పు తుంపర పడ్డ ఫిల్టర్‌ని (లెన్స్ ముందు బిగించే అద్దం) పొడిగుడ్డతో రుద్దితే గీతలు ఖాయం. ముందు బ్లోయర్ (గాలి ఊదే రబ్బరు బుడ్డి), తర్వాత మంచినీళ్లతో తడిపిన మెత్తటి గుడ్డ. ట్రైపాడ్ కాళ్లలో అడుగు గొట్టాన్నే ముందు లాగండి, లాకులు ఇసుకకి ఎత్తులో ఉంటాయి.

ఫిషింగ్ హార్బర్‌కి పట్టున్న బూట్లు. వేలం దగ్గర దారికి అడ్డం నిలబడొద్దు, మనుషుల్ని తీసేముందు అడగండి.

తెన్నేటి పార్కు కింద రాళ్లకి పాచి. అల తగ్గిందని దిగొద్దు.

నేవీ గేట్ల వైపు కెమెరా ఎత్తనే వద్దు. డ్రోన్ ఇంట్లోనే.