వాదన నేర్చుకుందాం – 4: ఇసుక సంగతి అడిగితే ఫ్లాటు సంగతి

ముందు పోయిన పాఠంలోని అభ్యాసానికి జవాబు. "నువ్వు సిగరెట్లు కాలుస్తూ నన్ను మానమంటావా?" అనడంలో తప్పేమిటని అడిగాను. చెప్పేవాడు పాటించడం లేదు, నిజమే. అంతమాత్రాన పొగ మంచిదైపోదు. మీలో చాలామందికి ఇది తెలిసే ఉంటుంది, వదిలేద్దాం.

ఈసారి దానికి అన్నలాంటిది. విశాఖ ఆర్కే బీచ్‌లో పొద్దున్నే నడిచే ఇద్దరిని ఊహించుకోండి. ఒకాయన రిటైరైన మాస్టారు, రెండో ఆయనకు ద్వారకానగర్‌లో షాపు.

"ఏడాది మొత్తం మీద చూస్తే మన తీరం వెంట ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుందండీ. ఔటర్ హార్బర్ కోసం సముద్రంలోకి కట్టిన రాతి గోడలు దాన్ని ఆపేస్తున్నాయి. అందుకే డ్రెడ్జర్లతో తవ్విన ఇసుక తెచ్చి ఇక్కడ పోయాల్సొస్తోంది."

"అది కాదు మాస్టారూ, మీ ఫ్లాటు బీచ్ రోడ్డులోనే కదా! రేటు పడిపోతుందని మీ టెన్షన్."

టెన్షన్ ఉండే ఉంటుంది. కానీ ఇసుక ఎటు కదలాలో ఆయన ఫ్లాటును అడిగి కదలదు కదా. తర్కంలో దీన్ని యాడ్ హోమినెమ్ అంటారు. లాటిన్ మాట, 'మనిషి మీదికి' అని అర్థం.

పట్టుకునే కిటుకు ఒకటుంది. మాస్టారి మాటలే జాలరిపేటలో వల బాగుచేసుకుంటున్న మనిషి అన్నాడనుకోండి. ఫ్లాటు ఆక్షేపణ అక్కడికక్కడే ఎగిరిపోతుంది. అదే షాపాయన "2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఇక్కడే తీరం దాటింది, ఆ దెబ్బ లెక్కలోకి రాదా?" అని ఉంటే? ఎవరితో అన్నా నిలిచే ప్రశ్న అది. దానికి మాస్టారు జవాబు చెప్పి తీరాలి.

ఇంకో సంగతి గమనించారా? ఇసుక ఎందుకు తగ్గిందో షాపాయన తన తరఫున ఒక్క ముక్క చెప్పలేదు. గౌతమ మహర్షి తర్కగ్రంథం న్యాయసూత్రాల్లో వాదం, జల్పం, వితండ అని మూడు రకాల చర్చలున్నాయి. తన పక్షమంటూ ఏదీ నిలబెట్టకుండా ఎదుటివాడి మాటను పడగొట్టడమే వితండ. మనం మాత్రం మొండిగా మాట్లాడిన ప్రతివాడికీ 'వితండవాది' బిరుదు ఇచ్చేస్తాం.

అలాగని తిట్టు ప్రతిదీ ఈ తప్పు కిందికి రాదు. సరైన జవాబిచ్చి చివర "మీకు బుర్ర లేదు" అంటే అది మర్యాద తక్కువే గానీ తర్కదోషం కాదు.

మనిషి గురించి అడగాల్సిన సందర్భాలూ ఉన్నాయి. "రాత్రి ఇక్కడ ఇసుక లారీలకెత్తడం కళ్లారా చూశాను" అంటే ఆధారం ఆ మనిషి మాటొక్కటే. చీకట్లో ఎలా కనిపించింది, లారీవాళ్లతో తగాదా ఏమైనా ఉందా అని అడగొచ్చు. సాక్షి నమ్మదగినవాడేనా అని కోర్టులో ప్రశ్నించే వీలు 1872 నాటి సాక్ష్య చట్టం 155వ సెక్షన్‌లోనే ఉంది. దాని స్థానంలో 2024 జూలై 1న భారతీయ సాక్ష్య అధినియం వచ్చినా ఆ వీలు పోలేదు.

మాస్టారు ఏమనాలి? "ఫ్లాటు మా అబ్బాయిది" అన్నారో, ఇక రిజిస్ట్రేషన్ ఖర్చుల దాకా వెళ్తుంది కబురు. "ఉందండీ ఫ్లాటు. ఇసుక మాట చెప్పండి" అంటే చాలు. ఇంట్లో బిగ్గరగా నాలుగుసార్లు అని చూసుకోండి. కోపం లేకుండా అనడానికే సాధన కావాలి.

అభ్యాసం: రైతుబజారులో ఒకావిడ అంది, "పుచ్చుల్లేవని వాడు చెప్పక ఏం చేస్తాడు, వంకాయలు అమ్ముకోవాలి కదా!" ఇది తర్కదోషమా, న్యాయమైన అనుమానమా? అక్కడే ఓ కాయ కోసి చూపించమంటే జవాబు మారుతుందేమో కూడా ఆలోచించండి. ఐదో పాఠం అక్కడి నుంచే మొదలవుతుంది.