పాత నాటకాల నటీమణుల చిత్రాల్లో పూలను ఎలా చదవాలి?

కావలసినవి మూడే. వీలైనంత పెద్ద సైజు స్కాను, అది ఏ ఏటిదో, అప్పటికి ఆమె ఏ వేషం కడుతోందో. ఫోన్‌లో చూస్తే కుదరదు, కంప్యూటర్ ముందు కూర్చోవాలి.

మొదట ఏడు, వేషం రాసుకోండి. రెండు నిమిషాల పని.

తర్వాత అది ఏ పువ్వో తేల్చాలి. అందరూ బోల్తా పడేది ఇక్కడే. ఎర్రగా, గుండ్రంగా కనిపిస్తే చాలు, గులాబీ అనేస్తారు. రేకుల్ని వదిలేసి ఆకులు చూడండి. గులాబీకి ఒకే కాడ మీద ఐదో ఏడో చిన్నాకులు ఉంటాయి. గులాబీలాగే కనిపించే కమేలియా అనే పువ్వుకి దళసరిగా, నూనె రాసినట్టు మెరిసే ఒంటి ఆకు. తేయాకు దాని చుట్టమే.

ఫొటో అయితే ఇంకా జాగ్రత్త. 19వ శతాబ్దపు గాజు ప్లేట్లు ఎరుపును నల్లగా, నీలాన్ని తెల్లగా చూపించేవి. నల్లగా ఉంది కదా అని విషాదం అంటగట్టకండి, అది ఎర్ర గులాబీ కావచ్చు. చేత్తో రంగులు వేసిన కార్డుల్లో రంగును అసలు లెక్కలోకి తీసుకోవద్దు.

పువ్వు తేలాకే అర్థం. 'గులాబీ అంటే ప్రేమ' తరహా పట్టికలు నేను తెరవను. పువ్వును ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు అన్నదే నాకు ముఖ్యం. 1896లో చిత్రకారుడు ముషా గీసిన నాటకం పోస్టర్‌లో ఫ్రెంచి నటి సారా బెర్నార్ దగ్గర తెల్ల కమేలియాలు ఉన్నాయంటే, 'కమేలియాల మహిళ' నాటకంలో ఆమె వేసిన పాత్ర గుర్తే అది. 1864లో ఇంగ్లిష్ చిత్రకారుడు వాట్స్ తన భార్య, నటి ఎలెన్ టెర్రీని గీసిన చిత్రం సంగతి వేరు. ముఖం దగ్గర ఆడంబరమైన ఎర్ర కమేలియా, వాసన లేదు. గుండె దగ్గర చేతిలో వయొలెట్లనే చిన్న ఊదా పూలు, సువాసన. 'నిర్గంధా ఇవ కింశుకాః' అని మోదుగపూలను వెక్కిరించిన శ్లోకం విన్న మనకు ఇది ఇట్టే అర్థమవుతుంది. పెళ్లినాటికి ఆమెకు పదిహేడు నిండలేదు, ఆయనకు 46. ఆడంబరమా, సువాసనా, ఏది ఎంచుకుంటావని, భార్యను నాటకాలు మాన్పించాలనుకున్న మొగుడు పెట్టిన పరీక్ష అది. కాపురం ఏడాది కూడా నిలవలేదు, ఆమె మళ్లీ స్టేజీ ఎక్కింది.

చిత్రం పేరునూ నమ్మొద్దు. ఇంగ్లిష్ చిత్రకారుడు మిలే గీసిన 'జెర్సీ లిల్లీ'లో, తర్వాత నటి అయిన లిలీ లాంగ్‌ట్రీ చేతిలో ఉన్నది గర్న్‌సీ లిల్లీ, అసలు లిల్లీ జాతే కాదు. అందులో వేషం కోసం కూడా వెతక్కండి. చిత్రం 1878 నాటిది, ఆమె నాటకాల్లోకి వచ్చింది 1881లో.