మంచు రోజుల్లో పిట్టలకు తిండి, నీళ్లు: ఎక్కడ తేడా వస్తోంది, ఎలా సరిచేయాలి

తోటకి వచ్చే చిన్న పిట్ట బరువు పది, పన్నెండు గ్రాములు. దాని ఒంటి వేడి 40 డిగ్రీలు దాటి ఉంటుంది, బయటేమో సున్నాకి కింద. పగలంతా తిన్నది కొవ్వుగా మార్చుకుని, రాత్రంతా ఆ కొవ్వునే కరిగించుకుంటూ ముడుచుకుని కూర్చుంటుంది. గడ్డకట్టే చలిలో తెల్లారేసరికి ఒంటి బరువులో పదో వంతు దాకా తగ్గిపోవచ్చు. నిన్న తిన్నది నిన్న రాత్రికే సరిపోయింది, ఈ రాత్రికి మళ్లీ సంపాదించుకోవాలి. కింద చెప్పేవన్నీ ఈ లెక్కతోనే చూడండి. ఏది వెంటనే చేయాలో, ఏది రేపటికి ఆగుతుందో దాన్నిబట్టే తెలుస్తుంది.

నీళ్లు పోసిన కాసేపటికే గడ్డకడుతున్నాయి

తిండి గురించి పడే టెన్షన్ నీళ్ల గురించి ఎక్కువమంది పడరు. నా దృష్టిలో మాత్రం గట్టి చలిలో ముందు చూడాల్సింది నీళ్లే. తిండి ఇంకెక్కడైనా కాస్తో కూస్తో దొరుకుతుంది. గుంటలు, కాలవలు అన్నీ గడ్డకట్టాక తాగడానికి చుక్క దొరకదు. మనం పెట్టే ఎండు గింజలు దాహాన్ని ఇంకా పెంచుతాయి.

చుట్టూ మంచు ఉంది కదా, అదే తింటాయిలే అనుకుంటాం. తింటాయి. కానీ దాన్ని కరిగించడానికి ఖర్చయ్యేది రాత్రి కోసం దాచుకున్న ఒంటి వేడే. ఒక గ్రాము మంచు కరగడానికి పట్టే వేడితో ఒక గ్రాము నీటిని సున్నా నుంచి దాదాపు 80 డిగ్రీల దాకా కాచవచ్చు. అంత చిన్న ప్రాణికి అది చాలా పెద్ద ఖర్చు. నీళ్లు స్నానానికీ కావాలి. ఈకలు శుభ్రంగా ఉంటేనే వాటి మధ్య గాలి నిలిచి వెచ్చగా ఉంటుంది.

త్వరగా గడ్డకట్టడానికి మామూలుగా కనిపించే కారణాలు రెండు: పళ్లెం నీడలో ఉండటం, గాలి నేరుగా కొట్టడం. పొద్దుటి ఎండ పడే చోటికి, గోడ చాటుకి మార్చండి. ముదురు రంగు పళ్లెం ఎండని బాగా పట్టుకుంటుంది. లోతు రెండున్నర నుంచి ఐదు సెంటీమీటర్లు చాలు, వెడల్పు ఎక్కువున్నా మంచిదే.

రోజూ చేయడానికి తేలికైన పద్ధతి రెండు పళ్లేల పద్ధతి. వంగే రబ్బరు పళ్లేలు రెండు తెచ్చుకోండి. ఒకటి బయట, ఒకటి ఇంట్లో. బయటిది గడ్డకట్టగానే లోపలిది గోరువెచ్చని నీళ్లతో పెట్టి, దాన్ని తెచ్చేయండి. పళ్లేన్ని కాస్త మెలితిప్పితే మంచు ఒక్క ముక్కగా ఊడి వస్తుంది. తెల్లారగానే ఒకసారి, సాయంత్రం చీకటి పడటానికి గంటన్నర ముందు ఒకసారి మార్చగలిగితే చాలు. రాత్రి నుంచి బయటపడిన పిట్ట మొదట వెతికేది, మళ్లీ రాత్రిలోకి వెళ్లే ముందు చివరగా వెతికేది ఈ రెండు వేళల్లోనే.

నీళ్లలో చిన్న బంతి వేస్తే గాలికి కదులుతూ మంచు పొర కట్టనివ్వదని చెబుతారు. చలి సున్నా దగ్గర తచ్చాడుతున్నప్పుడు అది పనికొస్తుంది. చలి ముదిరితే బంతి కూడా మంచులో ఇరుక్కుంటుంది. నెలల తరబడి గడ్డకట్టే చోట ఉంటే థర్మోస్టాట్ ఉన్న (చలిని బట్టి దానంతటదే ఆన్, ఆఫ్ అయ్యే) నీళ్ల తొట్టి హీటర్ కొనడం మేలు. అది ఆరుబయట వాడటానికి చేసినదై ఉండాలి, కరెంటు లీకైతే ట్రిప్ అయ్యే ప్లగ్‌కే పెట్టాలి. చలి మరీ తీవ్రంగా ఉన్న రోజుల్లో తొట్టిలో గులకరాళ్లు పరిచి, తాగడానికి మాత్రమే సందు ఉంచండి. ఆ చలిలో నిలువునా తడిస్తే ఈకల మీదే నీళ్లు గడ్డకట్టే ప్రమాదం ఉంది.

గడ్డకట్టకుండా ఉప్పు, యాంటీఫ్రీజ్ (కార్ల రేడియేటర్లలో పోసేది), గ్లిజరిన్, ఆల్కహాల్ లాంటివి ఎంత కొంచెమైనా కలపకండి. కొన్ని విషం, కొన్ని ఈకల్ని అతుక్కుపోయేలా చేస్తాయి. ఈ ఒక్క మాట మాత్రం గట్టిగా గుర్తుంచుకోండి.

మట్టి తొట్టి పగిలిపోయింది

నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది, మట్టి, పింగాణీ ఆ ఒత్తిడికి తట్టుకోవు. చలికాలానికి వాటిని లోపల పెట్టేయండి. మంచు కరిగించడానికి మరిగే నీళ్లు పోసినా పగులుతాయి.

ఫీడర్‌లో గింజలు ముద్దకట్టాయి

ఫీడర్ అంటే పిట్టల కోసం గింజలు నింపి వేలాడదీసే గొట్టం. పిట్ట వచ్చి వాలుతుంది, రెండుసార్లు పొడుస్తుంది, ఎగిరిపోతుంది. గొట్టం నిండా గింజలున్నా రంధ్రం దగ్గర ఉన్నవి తడిసి గడ్డకట్టి ఉంటాయి. బయటి నుంచి చూస్తే అంతా బాగానే కనిపిస్తుంది, అందుకే ఈ సమస్య చాలా రోజులు కనిపెట్టలేం.

మొత్తం ఖాళీ చేసి, ముద్దలు పారేసి, గొట్టం కడిగి పూర్తిగా ఆరనివ్వండి. ఆ తడి గింజల్ని ఎండబెట్టి మళ్లీ వాడాలనిపిస్తుంది, వద్దు. బూజు పట్టిన గింజలు పిట్టల ఊపిరితిత్తుల్ని పాడుచేస్తాయి. అడుగున నీళ్లు పోయే రంధ్రాలు మూసుకుపోయాయేమో చూడండి. పైన వెడల్పాటి మూత ఉంటే మంచు లోపలికి రాదు. గొట్టాన్ని నిండా నింపకండి, ఒకటి రెండు రోజుల్లో అయిపోయేంతే వేయండి.

ఫీడర్ నిండుగా ఉంది, ఒక్క పిట్టా రావడం లేదు

కొత్తగా పెట్టినదైతే ఓపిక పట్టండి. కొన్ని రోజులు, ఒక్కోసారి కొన్ని వారాలు పడుతుంది. నిన్నటిదాకా వచ్చి ఈరోజు ఉన్నట్టుండి ఆగిపోతే చుట్టుపక్కల డేగ తిరుగుతోందేమో చూడండి. ఫీడర్ తీసేసి నాలుగైదు రోజులు ఆగితే అది వేరే చోటికి పోతుంది.

మరీ బట్టబయలుగా వేలాడే ఫీడర్ దగ్గరికి పిట్టలు భయపడతాయి. దట్టమైన పొదకి మరీ ఆనుకుని ఉంటే పిల్లి అందులో పొంచి కూర్చుంటుంది. పొదకి రెండు మూడు మీటర్ల దూరం సరైనది. కిటికీ అద్దం దగ్గరైతే మీటరు లోపలే పెట్టండి, లేదా పది మీటర్ల అవతల పెట్టండి. మధ్య దూరంలో ఉంటే భయపడి ఎగిరినప్పుడు వేగంగా వచ్చి అద్దాన్ని గుద్దుకుంటాయి.

ఇంకోటి. అన్ని పిట్టలూ వేలాడి తినలేవు. నేల మీద ఏరుకుతినేవి చాలా ఉన్నాయి. మంచు పడ్డాక వాటికి నేలే కనిపించదు. ఒక చిన్న చోట మంచు ఊడ్చి, అక్కడ కాస్త చిరుధాన్యాలు చల్లండి. చీకటిలోపు మిగిలింది ఎత్తేయకపోతే ఎలుకలు అలవాటు పడతాయి.

సగం గింజలు కింద పడేస్తున్నాయి

చవక మిశ్రమాల్లో పిట్టలకు ఇష్టం లేని గింజలు కలుపుతారు. అవి ఏరి పారేసి, కావలసినవే తింటాయి. మిశ్రమం మానేసి నల్ల పొద్దుతిరుగుడు గింజలు పెట్టండి. నూనె ఎక్కువ, పెంకు పల్చన. పెంకు తీసిన గింజలైతే ఒలుచుకునే శ్రమ కూడా తగ్గుతుంది. ఉప్పు వేయని వేరుశనగ పప్పు, పశువుల మూత్రపిండాల చుట్టూ ఉండే గట్టి కొవ్వు కూడా మంచివి. కొవ్వు ముద్దలు ప్లాస్టిక్ వల సంచుల్లో వస్తే విప్పి, ఇనుప జాలీ గూడులో వేయండి. వలలో కాళ్లు చిక్కుకుంటాయి.

వేపుళ్లలో మిగిలిన కొవ్వు పెట్టకండి. అందులో ఉప్పు ఉంటుంది, మెత్తగా ఉండి ఈకలకు అంటుకుంటుంది. రొట్టె కడుపు నింపుతుంది గానీ రాత్రి గడవడానికి కావలసిన కొవ్వు ఇవ్వదు. పాలు అసలే వద్దు.

ఒక పిట్ట ఈకలు ఉబ్బించుకుని అలాగే కూర్చుంది

చలికి ప్రతి పిట్టా ఈకలు ఉబ్బించుకుంటుంది, దానికి భయపడక్కర్లేదు. దగ్గరికి వెళ్లి చూడండి. చటుక్కున ఎగిరిపోతే అది చలే. మీరు వచ్చినా కదలకుండా కళ్లు మూసుకుంటున్నా, ముక్కు దగ్గర తడిగా ఉన్నా, మింగడానికి ఇబ్బంది పడుతున్నా, కళ్లు వాచి ఉన్నా అది జబ్బు. సాల్మొనెల్లా, ట్రైకొమొనాస్ లాంటి జబ్బు క్రిములు గుంపులు చేరే ఫీడర్ల దగ్గర రెట్టల వల్ల, ఎంగిలి వల్ల పాకుతాయి.

ఇక్కడ మనసు ఒప్పుకోని పని ఒకటి చేయాలి: తిండీ నీళ్లూ రెండూ కనీసం రెండు వారాలు ఆపేయాలి. ఇంత చలిలో ఎలా ఆపడం అనిపిస్తుంది. కానీ ఆపితే గుంపు చెదిరిపోయి, మిగతావి జబ్బు అంటకుండా బయటపడతాయి. ఆలోగా ఒక వంతు బ్లీచ్‌కి తొమ్మిది వంతుల నీళ్లు కలిపి అన్నీ కడిగి, మంచినీళ్లతో బాగా జాడించి, ఎండిపోయేదాకా ఆరబెట్టండి. గ్లోవ్స్ వేసుకోండి, సాల్మొనెల్లా మనకీ అంటుతుంది. జబ్బు లేకపోయినా వారానికోసారి శుభ్రం చేయడం, కింద రాలిన పెంకులు ఊడ్చేయడం అలవాటు చేసుకోండి.

ఇనుప కడ్డీకి కాళ్లు అతుక్కుంటాయేమో

అతుక్కోవు. పిట్టల కాళ్లకు చెమట పట్టదు, పొడిగా ఉంటాయి.

వారం రోజులు ఇంట్లో ఉండను, అలవాటు పడ్డ పిట్టల సంగతేంటి?

ఈ బాధ నాకు బాగా తెలుసు. అమెరికాలోని విస్కాన్సిన్‌లో 1980లలో చికడీ అనే చిన్న పిట్టల మీద జరిగిన పరిశోధనలు దీనికి సమాధానం ఇస్తాయి. ఫీడర్ అందిన వాటిలో 69 శాతం చలికాలం దాటాయి, అందని వాటిలో 37 శాతమే. ఆ తేడా ముఖ్యంగా వచ్చింది మైనస్ 18 డిగ్రీల కన్నా కిందకి పడిన రోజులు ఎక్కువున్న నెలల్లో. ఏళ్ల తరబడి పెట్టిన చోట తిండి ఆపేసి కూడా చూశారు. ఆ పిట్టలు ఎప్పుడూ ఫీడర్ చూడని వాటితో సమానంగానే బతికాయి, సొంతంగా వెతుక్కోవడం మరిచిపోలేదు.

కాబట్టి మామూలు చలిలో వెళ్లి రండి. గట్టి చలిగాలులు వస్తాయన్న సూచన ఉంటే మాత్రం పక్కింటివాళ్లకి గింజల డబ్బా, రెండో పళ్లెం ఇచ్చి, పొద్దున్నే ఒకసారి చూడమని చెప్పి వెళ్లండి.